కణం పాఠం నీటితో మొదలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థుల నుంచి, వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయుల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కణ నిర్మాణం గురించి, దాని వెనుక ఉన్న రసాయన శాస్త్రం గురించి అడిగినవే. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: కెమిస్ట్రీకి వేరే పీరియడ్ ఉండగా, కణం పాఠానికి ముందు బోటనీలో కూడా పరమాణువులు, బంధాలు, నీటి ధర్మాలు చెబుతున్నారు. కణం బొమ్మ గీసి భాగాలు గుర్తించడానికి ఇవన్నీ అవసరమా?
— ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: బొమ్మ గీసి పేర్లు రాయడమే పని అయితే అవసరం లేదు. కానీ మీరు ఒక్క గీతగా గీసే ప్లాస్మాత్వచం, అంటే కణాన్ని చుట్టి ఉండే పలుచని పొర, అసలు ఎలా ఏర్పడింది, చెదిరిపోకుండా ఎలా నిలుస్తోంది, దాని గుండా ఆక్సిజన్ సులువుగా వెళ్తుండగా సోడియం అయాన్ ఎందుకు వెళ్లలేకపోతోంది అని ఎవరైనా అడిగితే, జవాబు నీటి దగ్గరే మొదలుపెట్టాలి. జీవకణం బరువులో సుమారు 70 శాతం నీరే కాబట్టి, ఆ కణంలో ఏ పదార్థం ఎక్కడ ఉండాలో, ఏ ఆకారంలో ఉండాలో చాలావరకు నీరే నిర్ణయిస్తుంది.

నీటి అణువులో ఒక ఆక్సిజన్ పరమాణువు రెండు హైడ్రోజన్ పరమాణువులతో సమయోజనీయ బంధాలు ఏర్పరచుకుంటుంది. ఆ బంధాల్లోని ఎలక్ట్రాన్లు సమానంగా పంచుకోబడవు. రుణవిద్యుదాత్మకత ఎక్కువగా ఉన్న ఆక్సిజన్ వాటిని తన వైపు లాక్కుంటుంది. పైగా రెండు బంధాల మధ్య కోణం 104.5 డిగ్రీలు కావడంతో అణువు వంగి ఉండి, ఒక కొసన స్వల్ప రుణావేశం, రెండో కొసన స్వల్ప ధనావేశం నిలుస్తాయి. ఒక అణువులోని హైడ్రోజన్ పక్క అణువులోని ఆక్సిజన్ వైపు ఆకర్షితమైతే దాన్ని హైడ్రోజన్ బంధం అంటాం. దాని బలం సమయోజనీయ బంధం బలంలో సుమారు ఇరవయ్యో వంతే అయినా, అలాంటివి కోట్లకొద్దీ క్షణక్షణం తెగుతూ, కలుస్తూ ఉండడంతో మొత్తం మీద వాటి పట్టు గట్టిదే.

ఉప్పును నీటిలో వేస్తే సోడియం, క్లోరైడ్ అయాన్ల చుట్టూ నీటి అణువులు చేరి వాటిని విడదీసి కరిగిస్తాయి. నూనె విషయం వేరు. అందులోని కార్బన్, హైడ్రోజన్ పరమాణువులు ఎలక్ట్రాన్లను దాదాపు సమానంగా పంచుకోవడంతో నీటి అణువు పట్టుకోవడానికి అక్కడ ఆవేశమేదీ ఉండదు. నీరు నూనెను తోసివేస్తుందని రాయడం మనకు అలవాటే గాని, నిజానికి నీటి అణువులు ఒకదానినొకటి వదలకపోవడం వల్లనే నూనె ఒక పక్కకు చేరుతుంది. ఈ తేడా పట్టుబడితే త్వచం దానంతట అదే అర్థమవుతుంది. త్వచంలో ప్రధానంగా ఉండే ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు అణువుకు ఫాస్ఫేటుతో కూడిన తల నీటిలో కలిసే రకం. రెండు ఫాటీ ఆమ్లాల తోకలు నూనె రకం. అలాంటి అణువులను నీటిలో వదిలితే, తలలు రెండు వైపులా నీటిని తాకుతూ, తోకలు లోపల దాక్కొని, రెండు వరసలుగా వాటంతట అవే సర్దుకుంటాయి. ఆ సర్దుకోవడానికి ఏ ఎంజైమూ అక్కర్లేదు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చూ లేదు. 1925లో గోర్టర్, గ్రెండెల్ ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును వేరు చేసి నీటిపై ఒకే వరసగా పరిచి, ఆ వైశాల్యం కణాల ఉపరితలానికి సుమారు రెట్టింపు ఉన్నట్టు లెక్కగట్టి, త్వచంలో రెండు వరసలు ఉన్నాయని ప్రతిపాదించారు. ఆ వరసల్లో ప్రోటీన్లు పొదిగి ఉండి, పక్కలకు జరుగుతూ ఉంటాయని చెప్పే ద్రవ మొజాయిక్ నమూనాను 1972లో సింగర్, నికల్సన్ ఇచ్చారు.

ఈ త్వచం మందం సుమారు 7 నుంచి 8 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు మందం రావాలంటే ఇలాంటి పొరలు లక్షకు పైగా పేర్చాలి. అంత పలుచనిది అయినా దాని నడుమ నూనె స్వభావం గల భాగం ఉండడం వల్ల ఆవేశం ఉన్న అయాన్లు దాటలేవు, ఆవేశం లేని చిన్న ఆక్సిజన్ అణువులు దాటగలవు. నీరు కూడా చాలావరకు ప్రత్యేకమైన ప్రోటీన్ రంధ్రాల గుండానే వెళ్తుంది; ఆక్వాపోరిన్లు అనే ఆ రంధ్రాలను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి లభించింది. మైటోకాండ్రియా, హరితరేణువు, గాల్జీ, రిక్తిక, అన్నిటి హద్దులూ ఈ రకం త్వచాలే. రైబోజోముకు మాత్రం త్వచం లేదు. అది ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్ల ముద్ద. ఈ ఒక్క మాట ఏటా పరీక్షల్లో తప్పు రాస్తున్నారు కాబట్టి విడిగా చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న: మా ఊరి ఖద్దరు నేసే పత్తిలో ఒక్కొక్క పోచ ఒక్కొక్క కణమని మా లెక్చరర్ అన్నారు. కంటికి కనిపించేంత పొడవైన కణం ఉంటుందా? ఉంటే, దాని కేంద్రకం సూక్ష్మదర్శినిలో ఎందుకు కనిపించదు?
— డిగ్రీ విద్యార్థి, పొందూరు

జవాబు: మీ లెక్చరర్ చెప్పినది అక్షరాలా నిజం. పత్తి గింజ పైపొరలోని కొన్ని కణాలు పువ్వు విచ్చే రోజు ప్రాంతంలో బుడిపెల్లా బయటికి పొడుచుకు వచ్చి, ఆ తర్వాత సుమారు మూడు వారాల పాటు విభజన చెందకుండా పొడవుకే పెరుగుతాయి. రకాన్ని బట్టి రెండు, మూడు సెంటీమీటర్ల వరకు సాగే ఆ పోచ వెడల్పు మాత్రం మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతే. పొడవు పెరగడం ఆగే దశలో కణం లోపలి వైపు నుంచి గోడకు వరసలు వరసలుగా సెల్యులోజ్ పేరుకుంటుంది. కాయ పగిలే నాటికి లోపలి కణద్రవ్యం, కేంద్రకం నశించి, గొట్టం ఎండి, చదునై, రిబ్బను మెలి తిరిగినట్టు అక్కడక్కడా మెలికలు పడుతుంది. మీకు కేంద్రకం కనిపించకపోవడానికి కారణం అదే: మీరు చూస్తున్నది చనిపోయిన కణం విడిచిపెట్టిన గోడను. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసి కణాలని పేరు పెట్టినవి కూడా ఇలాంటి ఖాళీ గోడలే.

పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకడం మీరు చూసే ఉంటారు. ఆ దవడ పళ్ల మధ్య నుంచి లాగినప్పుడు చెత్త పోయి, పోచలన్నీ ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. తర్వాత వడికినప్పుడు ఒక పోచ మెలికలు పక్క పోచను పట్టుకోవడం వల్ల అంత చిన్న పోచలు కూడా నిలిచే నూలుగా మారతాయి. కణం ఎండిపోయి మెలి తిరగకపోతే నూలు ఇంత సులువుగా నిలవదు.

పోచ ఎండు బరువులో సుమారు 95 శాతం సెల్యులోజ్. అది గ్లూకోజ్ అణువులు వేలకొద్దీ వరసగా కలిసిన గొలుసు. మనం తినే అన్నంలోని పిండి పదార్థం కూడా గ్లూకోజ్ గొలుసే. అయితే ఒకటి అరిగి శక్తినిస్తుంది, రెండోది పంచెగా కట్టుకోవడానికి పనికివస్తుంది. తేడా అంతా బంధం దిశలో ఉంది. పిండిలో గ్లూకోజ్ అణువులన్నీ ఆల్ఫా బంధాలతో ఒకే తీరుగా కలవడంతో గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది; అయోడిన్ ఆ చుట్టల నడుమ చేరడం వల్లనే నీలి నలుపు రంగు వస్తుంది. సెల్యులోజులో బీటా బంధాలు ఉండి, ఒక గ్లూకోజ్ నిటారుగా ఉంటే తర్వాతది తలకిందులుగా ఉంటుంది. దాంతో గొలుసు తిన్నగా సాగి, పక్క గొలుసులతో ఆసాంతం హైడ్రోజన్ బంధాలు వేసుకొని గట్టి పోగుగా మారుతుంది. మన లాలాజలంలోని ఎమైలేజ్ ఆల్ఫా బంధాన్ని తెంచగలదు, బీటా బంధాన్ని తెంచలేదు. ఎండుగడ్డి తిని బతికే ఆవు కూడా సొంతంగా తెంచలేదు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి.

ఇక మీ ఊళ్లో గంజి పెట్టిన ఖద్దరు పంచెను గమనించండి. అన్నం గంజి అంటే వేడి నీటిలో విప్పుకున్న పిండి గొలుసులు. బట్టను అందులో ముంచి ఆరవేసినప్పుడు నీరు పోయినకొద్దీ పిండి గొలుసులకూ సెల్యులోజ్ గొలుసులకూ మధ్య హైడ్రోజన్ బంధాలు పడి, బట్ట బిరుసుగా, నిలువుగా నిలుస్తుంది. చెమట పడితే నీటి అణువులు మధ్యలో దూరి ఆ బంధాలను విడదీస్తాయి కాబట్టి మధ్యాహ్నానికి పంచె వాలిపోతుంది. ఇస్త్రీ చేసేవారు ముందు నీళ్లు చల్లడంలోని కిటుకు కూడా ఇదే: నీరు పాత బంధాలను వదులు చేస్తుంది, పెట్టె బరువుకు పోగులు తిన్నగా అవుతాయి, వేడికి నీరు ఆవిరై కొత్త భంగిమలో బంధాలు మళ్లీ పడతాయి. మొదటి జవాబులో నీటి గురించి చెప్పిన సంగతే ఇక్కడ బట్ట మీద పనిచేస్తోంది.

రెండు చిన్న పరీక్షలు మీరే చేసి చూడవచ్చు. కాయలోంచి అప్పుడే తీసిన పత్తిని నీటి మీద వేస్తే తేలుతుంది, ఎందుకంటే పోచ మీద సన్నని మైనపు పూత ఉంటుంది. మందుల దుకాణంలో దొరికే దూది ఆ మైనం తీసేసినది కాబట్టి వెంటనే తడిసి మునుగుతుంది. రెండోది, గంజి పెట్టిన బట్ట మీద ఒక చుక్క, పెట్టని బట్ట మీద ఒక చుక్క పలుచని అయోడిన్ వేసి రంగులు పోల్చండి. చిరిగిన గుడ్డ మీదే వేయండి. మంచి పంచె మీద వేస్తే ఆ మరకకు ఇంట్లో సమాధానం చెప్పుకోవలసింది మీరే.

ప్రశ్న: మాగాయకు ఉప్పు పట్టిస్తే ముక్కల నుంచి ఊట దిగుతుంది, బూజు పట్టదు. ఇది ద్రవాభిసరణమని పిల్లలకు చెబుతున్నాను. అయితే ఉప్పు మడుల్లోని చిక్కటి నీటిలో కూడా సూక్ష్మజీవులు బతుకుతాయని ఒక విద్యార్థి అడిగాడు. ఉప్పు మడులున్న నౌపాడ దగ్గరి వాళ్లం కాబట్టి ఈ ప్రశ్న తప్పదు. ఎలా వివరించాలి?
— ఉపాధ్యాయురాలు, టెక్కలి

జవాబు: మీ విద్యార్థి అడిగిన ప్రశ్న పాఠ్యపుస్తకం కంటే ఒక అడుగు ముందుంది. మామిడి ముక్కలోని కణం లోపలి ద్రావణం కంటే బయటి ఉప్పు ద్రావణం ఎంతో గాఢంగా ఉంటుంది. నీరు త్వచం గుండా బయటికి పోతుంది (ద్రవాభిసరణం అంటే ఇదే), ఉప్పు అంత తేలికగా లోపలికి రాలేదు. కణం లోపలి నీటి సంచి లాంటి రిక్తిక కుంచించుకుపోయి, త్వచం గోడను విడిచి లోపలికి ముడుచుకుంటుంది. ముక్క మీద పడిన బూజు బీజానికి, బాక్టీరియాకు కూడా ఇదే గతి. తడి గరిటె పెడితే జాడీ పాడవుతుందని పెద్దలు చెప్పడం ఉట్టి చాదస్తం కాదు: ఆ తడి తగిలిన చోట ఉప్పు గాఢత తగ్గి, బూజుకు కావలసిన నీరు దొరుకుతుంది.

దీన్ని తరగతిలో చూపించాలంటే ఎర్ర ఉల్లిపాయ తీసుకోండి. తెల్లపొర కంటే ఇదే మేలు. రెక్క వెలుపలి వైపున ఉన్న ఊదా రంగు పలుచని పొరను బ్లేడుతో గాటు పెట్టి, చిమటాతో లాగి, గాజు పలక మీద నీటి చుక్కలో పరిచి, కవర్ స్లిప్ వేయండి. రంగు రిక్తికలోనే కరిగి ఉంటుంది కాబట్టి వేరే రంజనం అక్కర్లేదు. మొదట గదులన్నీ అంచుల వరకు ఊదాగా నిండి కనిపిస్తాయి. ఇప్పుడు కవర్ స్లిప్‌కు ఒక పక్కన సుమారు 5 శాతం ఉప్పు నీరు ఒక చుక్క వేసి, రెండో పక్కన అద్దుడు కాగితం ఆనిస్తే ఆ నీరు పొర కిందికి పాకుతుంది. కొద్ది నిమిషాల్లో ఊదా రంగు గోడ నుంచి మొదట మూలల్లో విడివడి, తర్వాత గది నడుమ చిక్కటి ముద్దగా మారుతుంది. గోడ మాత్రం కదలదు. ప్లాస్మాత్వచం వేరు, కణకవచం (కణం గోడ) వేరు అని ఇంతకంటే స్పష్టంగా చూపే ప్రయోగం మరొకటి నాకు తెలియదు. ఆలస్యం చేయకుండా ఉప్పు నీటిని తీసి మంచినీరు పంపిస్తే చాలా కణాలు తిరిగి నిండుకుంటాయి.

ఇప్పుడు ఉప్పు మడి సంగతి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అది ఎండకు దాదాపు పది రెట్లు చిక్కబడితే గాని ఉప్పు గడ్డకట్టదు. అక్కడ కూడా బతికే జీవులు నీటిని బయటికి పోనివ్వకుండా లోపలి గాఢతనే బయటి దానికి సమానం చేసుకుంటాయి. డునాలియెల్లా అనే శైవలానికి కణకవచమే లేదు; అది కణం నిండా గ్లిసరాల్ తయారుచేసుకొని నీటిని పట్టి ఉంచుతుంది. హాలోబాక్టీరియం అనే ఆర్కియా జీవి (బాక్టీరియాలా కనిపించే వేరే తెగ సూక్ష్మజీవి) మరో దారి పట్టి, పొటాషియం క్లోరైడును లోపల అపారంగా పోగుచేసుకుంటుంది. అంత లవణంలో మామూలు ప్రోటీన్లు గడ్డకట్టిపోవాలి. దాని ప్రోటీన్లలో ఆమ్ల స్వభావం గల అమైనో ఆమ్లాలు ఎక్కువగా ఉండడంతో అవి తమ చుట్టూ నీటిని, అయాన్లను పట్టుకొని కరిగే ఉంటాయి. అంతగా ఉప్పుకు అలవాటుపడిన ఈ జీవిని మంచినీటిలో వేస్తే పగిలి చచ్చిపోతుంది. ప్రపంచంలో చాలా ఉప్పు మడులకు వచ్చే ఎర్రని, గులాబీ ఛాయకు ఈ రెండు రకాల జీవుల్లోని వర్ణకాలే కారణం.

ప్రశ్న: ఏటీపీలోని అధికశక్తి బంధం తెగినప్పుడు శక్తి విడుదలవుతుందని బోటనీలో చెప్పారు. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తి ఖర్చు పెట్టవలసిందేనని కెమిస్ట్రీ లెక్చరర్ అంటున్నారు. ఎవరిది సరైనది? పరీక్షలో ఏది రాయాలి?
— ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థి, చీపురుపల్లి

జవాబు: కెమిస్ట్రీ లెక్చరర్‌ది సరైనది. బోటనీలో చెప్పినది సంక్షిప్తంగా చెప్పిన మాట. సంక్షిప్తం చేయడంలో సగం విషయం జారిపోయింది. ఏటీపీ ఉత్తినే విడిపోదు, నీటితో చర్య జరుపుతుంది. చివరి ఫాస్ఫేటును పట్టి ఉంచిన బంధం తెగడానికి కొంత శక్తి పడుతుంది. కాని నీటి భాగాలతో కొత్త బంధాలు ఏర్పడి, ఏడీపీ (ఒక ఫాస్ఫేటు తగ్గిన ఏటీపీ), ఫాస్ఫేటు అనే మరింత స్థిరమైన పదార్థాలు రావడంతో అంతకంటే ఎక్కువ శక్తి తిరిగి వస్తుంది. నికరంగా ప్రామాణిక పరిస్థితుల్లో మోలుకు సుమారు 30.5 కిలోజౌళ్ల స్వేచ్ఛా శక్తి లభిస్తుంది. ఏటీపీలో పక్కపక్కనే ఉన్న ఫాస్ఫేటులన్నీ రుణావేశంతో ఒకదానినొకటి వికర్షించుకోవడం, విడిపోయిన ఫాస్ఫేటు చుట్టూ నీరు బాగా చేరడం, అందులోని ఎలక్ట్రాన్లు మరింతగా విస్తరించడం ఈ స్థిరత్వానికి కారణాలు. అధికశక్తి బంధం అనే భావనను 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ ప్రచారంలోకి తెచ్చారు. శక్తి ఆ ఒక్క బంధంలో కూరి ఉందని ఆయన భావం కాకపోయినా, చదివేవారికి అలాగే తోస్తుంది. పరీక్షలో ‘ఏటీపీ జలవిశ్లేషణ చెందినప్పుడు శక్తి లభిస్తుంది’ అని రాయండి. ఇద్దరు లెక్చరర్లూ మార్కులు వేస్తారు.

ఏటీపీ చరిత్రలో తెలుగువారి భాగం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలో, కణజాలంలో ఉన్న ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. ఆ పద్ధతి చేతిలో ఉండడం వల్లనే వారు కండరంలో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించగలిగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు.

కణం ఈ ఏటీపీని దేనికి ఖర్చు పెడుతుందో ఒక్క ఉదాహరణ చాలు. త్వచంలోని సోడియం పొటాషియం పంపు ఒక ఏటీపీ ఖర్చుతో మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్ని 1957లో గుర్తించిన యెన్స్ స్కౌకు నోబెల్ బహుమతి 1997 దాకా రాలేదు. ఈ పంపు వల్లనే మన కణాల లోపల పొటాషియం లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌లు ఉండగా, రక్తద్రవంలో 3.5 నుంచి 5 వరకే ఉంటుంది.

ప్రశ్న: కొబ్బరి బొండం నీళ్లలో కణాలు ఉండవని, కొబ్బరిలో ఉంటాయని పుస్తకంలో చదివాను. రెండూ ఒకే కాయలోవి కదా? మా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారిని బొండం నీళ్లు తాగవద్దంటారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?
— విద్యార్థిని, కవిటి

జవాబు: రెండూ అంకురచ్ఛదమే, ఎదిగే పిండానికి తిండి. మొదట కేంద్రకాలు మాత్రమే విభజన చెందుతూ పోతాయి, మధ్యలో గోడలు కట్టుకోవు. అందుకే లేత బొండం నీటిలో వేలకొద్దీ కేంద్రకాలు గోడల్లేకుండా తేలుతుంటాయి. తర్వాత టెంకను ఆనుకున్న అంచు నుంచి లోపలికి గోడలు కట్టుకుంటూ వచ్చినకొద్దీ మొదట మీగడ లాంటి లేత కొబ్బరి, ఆపై గట్టి కొబ్బరి తయారవుతాయి. ఈ గోడలు కట్టే పని కాయ నడిమి వరకు పూర్తికాదు కాబట్టి ముదురు కాయలో కూడా కొంత నీరు మిగులుతుంది.

సంబంధం ఉంది. బొండం నీరు ఒక రకంగా కణం లోపలి ద్రవమే కనుక, అందులో సోడియం కంటే పొటాషియం చాలా ఎక్కువ. ఆరోగ్యవంతులు తాగినప్పుడు ఎక్కువైన పొటాషియాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. అవి దెబ్బతిన్నప్పుడు అది రక్తంలోనే నిలిచిపోతుంది. గుండె కండర కణాల త్వచానికి లోపలా బయటా ఉండే విద్యుత్ తేడా, లోపల పొటాషియం ఎక్కువగా, బయట తక్కువగా ఉండడం మీద ఆధారపడుతుంది. రక్తంలో పొటాషియం పెరిగితే ఆ తేడా తగ్గి గుండె లయ తప్పవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అందరు రోగులకూ ఒకే హద్దు ఉండదు. రక్తపరీక్షలో పొటాషియం ఎంత ఉందో చూసి, బొండం నీళ్లు ఎంతవరకు తాగవచ్చో, అసలు తాగవచ్చో లేదో వైద్యులే చెప్పాలి. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే ఈ విషయం వారి వైద్యుణ్ణి తప్పక అడగండి.